డ్రాయింగ్ సారు హాజరు పుస్తకాలు

సారు దినాలకు హన్మకొండ వెళ్ళాను. భోజనాలయ్యాక అందరూ చేతులు కడుక్కుంటుంటే సారు కొడుకు నా దగ్గరికొచ్చి, "అక్కా, బాపుది ఒక పెట్టె ఉన్నది. అమ్మనేమో పారెయ్యద్దంటది, అండ్ల ఉన్నయేందో నాకు సమజ్ కావు. నువ్వొకసారి చూస్తవా?" అన్నాడు. మేడ మీది గదిలో మంచం కింద నుంచి బయటికి లాగాడు. ఆకుపచ్చ రేకు పెట్టె, గొళ్ళెం తుప్పు పట్టింది. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది. దాని వెనకే ఇంకొకటి, కొంచెం పుల్లగా, కొంచెం తడి మట్టిలాగా, ఉడికించిన చింతగింజల బంక వాసన. ముప్పై ఏళ్ళ తర్వాత తగిలింది ఆ వాసన. పట్టుచీరలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి గచ్చు మీదే కూర్చుండిపోయాను. కింద టెంటు విప్పుతున్న ఇనుప గొట్టాల చప్పుడు వినపడుతూనే ఉంది.

పెట్టెలో ముప్పై ఒక్క లాంగ్ నోట్‌బుక్కులున్నాయి. ఒక్కో ఎండాకాలానికి ఒక్కటి. అన్నిటికీ పాత క్యాలెండర్ కాగితం అట్టలు, వీపు భాగంలో గుడ్డ అంటించి ఉంది. ఆ గుడ్డకు వాడిందే చింతగింజల బంక. పురుగు పట్టకుండా సారు దాంట్లో కాస్త మైలుతుత్తం కలిపేవాడు, అయినా రెండు పుస్తకాలను పురుగు తినే తిన్నది.

అవి మా హాజరు పట్టీలు. మా బొమ్మల బడికి బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు, ఎవరూ ఎక్కడా రిజిస్టర్ చేయించలేదు. "ఎండకాలం బడి" అనేవాళ్ళం, అంతే. ముప్పై ఒక్క వేసవులు నడిచిందనడానికి సాక్ష్యం ఏదైనా ఉందంటే ఈ పెట్టే.

*

మామూలు హాజరు పట్టీ కాదది. ఎడమ పక్క సారు దస్తూరీలో పేర్లు, పైన తేదీలు, మధ్యలో గడులు. ఆ గడుల్లో ఎవరి బొమ్మ వాళ్ళు వేయాలి. సంతకం పనికిరాదు. "సంతకం ఎవ్వడన్న పెడతడు, బొమ్మ గియ్యుర్రి" అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలో ఒక గుర్తు ఎంచుకోవాలి, ఎంచుకున్నాక మార్చడానికి లేదు. గడి చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒకడు ఏనుగు ఎంచుకుని పదిహేను రోజులు ఏడ్చాడు.

నేను నాడె ఎంచుకున్నాను, నూలు కండెను మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ తిరిగేది. మాది కొత్తవాడ, బాపు జంపఖానాలు నేసేవాడు, పుట్టినప్పటి నుంచి చూస్తున్న వస్తువు కదా, ఇంతకన్నా సులువైంది ఏముంటుందనుకున్నాను. గీస్తే అందరూ "చేప మంచిగున్నది" అన్నారు. నాకు చేప అనే పేరు పడిపోయింది. రెండో ఏడు సారు చూసి, "నువ్వు దాన్ని పక్కనించి చూసి గీస్తున్నవ్ బిడ్డా, పైనించి చూసి గియ్యి, మధ్యల కండె కనపడాలె" అన్నాడు. గీశాను. అప్పటి నుంచి పడవ అన్నారు. బడి వదిలిపెట్టేదాకా పడవే.

సెలవులు అయిపోయేముందు రోజు సారు ఒక్కొక్కరినీ పిలిచి మొదటి రోజు గడి మీద ఒక వేలు, చివరి రోజు గడి మీద ఒక వేలు పెట్టి చూపించేవాడు. ఏమీ అనేవాడు కాదు. మార్కులు, సర్టిఫికెట్లు ఉండేవి కావు. నలభై సార్లు అదే బొమ్మ గీసినవాడికి ఆ రెండు గడుల మధ్య తేడా కనపడకుండా ఉంటుందా! ఏనుగు పిల్లవాడు ఆ రోజు తన గడులు తానే చూసుకుని నవ్వాడు, తొండం ఎక్కడో తోక ఎక్కడో తెలుస్తోందని.

*

మొదట్లో బడి నడిచింది ఒక సర్కారు హైస్కూలు వరండాలో. సారు అక్కడే డ్రాయింగ్ టీచరు. సెలవుల్లో తాళం చెవులు ఆయన దగ్గరే ఉండేవి. మా ఇంటి నుంచి పావుగంట నడక. పొద్దున ఆజంజాహీ మిల్లు కూత వినపడగానే లేచి, రాత్రి మిగిలిన అన్నంలో చల్ల పోసుకుని తిని, అట్ట చంకన పెట్టుకుని పరిగెత్తేవాళ్ళం. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. వరంగల్ సగం ఊరు ఆ కూతకే లేచేది, ఆ కూతకే తినేది. ఆరున్నరకు మొదలైతే తొమ్మిదిన్నరకు ముగిసేది. ఆ తర్వాత వరండాలో ఎండ పాకుతూ వచ్చేది. సారు గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసి, ఎండ ఈ గీత దాటితే బడి బంద్ అనేవాడు. మేం మధ్యమధ్యలో పెన్సిల్ పక్కన పెట్టి ఆ ఎండనే చూస్తూ కూర్చునేవాళ్ళం.

మూలన తడిగుడ్డ చుట్టిన రంజన్ కుండ, దానిమీద సత్తు గ్లాసు. వరండా అవతల యాపచెట్టు. తొమ్మిది దాటితే పాలైస్ బండివాడి గంట. సారు ఐస్ కొనుక్కోవద్దని ఎప్పుడూ అనలేదు గానీ, ఐస్ కారిన చేత్తో కాగితం ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఇక రబ్బరు సంగతి చెప్పాలి. బడి మొత్తానికి ఒకటే రబ్బరు. దాన్ని సుతిలితో కట్టి కిటికీ ఊచకు వేలాడదీశాడు. చెరపాలనుకున్నవాళ్ళు లేచి, కాగితం పట్టుకుని, అందరి కాళ్ళు తొక్కుకుంటూ కిటికీ దాకా పోయి, గోడకు ఆనించి చెరుపుకుని రావాలి. పోయినవాణ్ని అందరూ చూస్తారు. ఆ సిగ్గుకే మేం సగం తప్పుల్ని కొమ్మలుగా, మబ్బులుగా మార్చేయడం నేర్చుకున్నాం. వ్యాపారి కొడుకు ఒకడు జేబులో సొంత రబ్బరు దాచుకుని తెచ్చేవాడు. దొరికిపోతే సారు తిట్టలేదు, దాన్ని కూడా తీసుకుని ఇంకో కిటికీకి కట్టాడు.

రంగులు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఆ వ్యాపారి కొడుకు దగ్గర మాత్రం క్యామెల్ ట్యూబుల డబ్బా ఉండేది, దాన్ని మేం గుళ్ళో దేవుణ్ని చూసినట్టు చూసేవాళ్ళం. మిగతావాళ్ళకు సారు తయారుచేసిన రంగులే. పసుపు, గోడలకు పూసే జాజు, బట్టలకు పెట్టే నీలిమందు, దీపం మసి, సున్నం. తుమ్మబంక రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, దాంట్లో కలిపేవాడు. పసుపులో సున్నం తగిలితే ఎర్రగా మారుతుందని నాకు తెలిసింది అక్కడే. ఇంట్లో పారాణి నీళ్ళు కలిపేటప్పుడు అమ్మ వందసార్లు చేసి ఉంటుంది, కానీ నేను చూడలేదు. కొబ్బరి చిప్పల్లో రంగులు, కుంచెలు మాత్రం కొన్నవే, ముగ్గురికి ఒకటి.

గోడ మీద పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అంటించేవాడు. సిద్దిపేట కాపు రాజయ్య గారివి ఎక్కువ ఉండేవి. బోనాలు, బతుకమ్మలు, ఎడ్లబండ్లు. తర్వాత్తర్వాత తోట వైకుంఠం గారి ఆడవాళ్ళు వచ్చారు, ఇంత పెద్ద బొట్లు, ముక్కెరలు, ఎర్రటి చీరలు. "ఈయనది కరీంనగర్ దిక్కు బూరుగుపల్లి, ఆయనది సిద్దిపేట. ఏ దేశపోళ్ళో కాదు" అని ప్రతి ఏడూ చెప్పేవాడు. ఒకసారి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన బాపు ఆ బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసి, "మా చిన్నమ్మ లెక్కనే ఉన్నది గదా" అన్నాడు. సారుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

*

ఆ పరిచయంతోనే సారు బాపును ఒకరోజు బడికి రమ్మన్నాడు, పిల్లలకు జంపఖానా డిజైన్ గురించి చెప్పమని. బాపు రెండు రాత్రులు నిద్రపోలేదు. తెల్ల అంగీ వేసుకొచ్చి, గోడకు ఆనుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. సారు గడుల కాగితం ఇచ్చి "మీరు పువ్వు ఎట్ల వేస్తరో చూపించుర్రి" అన్నాడు.

బాపు గడులు లెక్కపెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ, ఒక్కో గడి నింపాడు. పడుగులో ఇన్ని పోగులు వదలాలి, పేక ఇక్కడ తిరగాలి అని మెల్లగా గొంతు పెగిలింది. ఎవరో "పువ్వు గుండ్రంగ రాలేదేంది?" అని అడిగారు. బాపు అన్నాడు: "మగ్గం మీద గుండ్రం రాదు బిడ్డా. మెట్లు మెట్లుగనే వస్తది. దూరం నించి చూస్తే గుండ్రమనిపించాలె, గదే పనితనం."

సారు ఆ రోజంతా మాతో గడుల్లో గుండ్రాలు వేయించాడు. దగ్గర నుంచి మెట్లు, వరండా చివరికి పోయి చూస్తే గుండ్రం. కంప్యూటర్‌లో బొమ్మను పెద్దది చేసినప్పుడు గడులు గడులుగా విడిపోవడం చాలా ఏళ్ళ తర్వాత చూసి, ఇది బాపు పువ్వే కదా అనుకున్నాను.

పోయేముందు సారు బాపుతో, "మీ వరంగల్ తివాచీలు 1851ల లండన్ ఎగ్జిబిషన్‌కు పోయినయ్, తెలుసా?" అన్నాడు. బాపు కాసేపు ఆలోచించి, "నేసినాయనకు కూలెంత గిట్టిందో?" అని అడిగాడు. సారు దగ్గర దానికి జవాబు లేదు. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు బాపు లేడు. ఉంటే ఆ ప్రశ్నే మళ్ళీ అడిగేవాడు.

*

ఏడాదికో ప్రయాణం ఉండేది. నేను వెళ్ళినవాటిలో చేర్యాల ప్రయాణమే బాగా గుర్తుంది. అప్పుడది వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలోకి పోయింది. జనగామలో బస్సు మారి, పులిహోర డబ్బాలతో, వాంతులతో దిగాం. కథల పటాలు గీసే నకాశీ వాళ్ళ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఇందాక చెప్పిన వాసన. పొయ్యి మీద కుండలో చింతగింజల పిండి ఉడుకుతోంది. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, ఉడికించి బంక చేస్తారు. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, బంక కలిపి పూతలు పూసి, ఆరబెడతారు. అదే బంకలో రంపపు పొట్టు కలిపి ముఖాల బొమ్మలు చేస్తారు. గోడలకు వాటిని ఆరబెట్టారు, కళ్ళింకా వేయలేదు, మాలో చిన్నవాళ్ళు భయపడ్డారు.

పెద్దాయన ఒకరు నేల మీద కూర్చుని, పెన్సిల్ గీత లేకుండా, నేరుగా కుంచెతో రాముడి ముక్కు గీశారు. నేరుగా! మాకందరికీ కిటికీకి వేలాడే రబ్బరు గుర్తొచ్చింది. "తప్పు పోతే?" అని అడిగాం. ఆయనకు మా ప్రశ్న అర్థం కాలేదు. సారు వెనక నిలబడి మీసం కింద నవ్వుకున్నాడు.

పటంలో బొమ్మల వెనక నిండా ఇంగిలీకం ఎరుపు. పటం ఒక చివర పట్టుకుని విప్పుతూ పోతే ఇల్లు దాటి వాకిట్లోకి వచ్చింది, ముప్పై అడుగులకు పైనే ఉంటుంది. అవి గోడకు వేలాడదీసుకోవడానికి చేసినవి కావు, కథ చెప్పడానికి చేసినవి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే వాళ్ళు వేరే. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు, గౌడులకు గౌడజెట్టీలు, మా పద్మశాలీలకు కూనపులి వాళ్ళు. "మీకు మార్కండేయ పురాణం చెప్తరు గదా?" అని ఆ పెద్దాయన అడిగితే నాకు తెలియక తలూపాను. ఇంటికొచ్చి నానమ్మను అడిగితే ఆమె మొహం వెలిగిపోయింది. వాడలో పందిరి వేసి పటం కట్టేవారట, దీపం పట్టుకుని ఒక్కో గడి చూపిస్తూ రాత్రంతా కథ, మా కులానికి మూలపురుషుడైన భావనారుషి పులి మీద వచ్చే గడి దగ్గర ఆడవాళ్ళు బియ్యం పోసేవారట. పటం పాతబడి చిరిగితే పారేయరు, పూజ చేసి నీళ్ళలో వదులుతారు. నానమ్మ పుణ్యమా అని ఆ ఎండాకాలమంతా నేను పులులే గీశాను. అన్నీ పిల్లుల్లాగా వచ్చాయి.

రామప్పకు ఒక్కసారే వెళ్ళాం, నాకు జ్వరం, బస్సులోనే పడుకున్నాను. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

*

వేయి స్తంభాల గుడికి మాత్రం ప్రతి ఏడూ రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళం. గుడి కట్టించింది రుద్రదేవుడు, 1163లో. శివుడు, విష్ణువు, సూర్యుడు, మూడు గర్భగుళ్ళు. నిజంగా వెయ్యి ఉన్నాయా అని లెక్కపెట్టని పిల్లవాడు హన్మకొండలో ఉండడు, ఒక్కడికీ వెయ్యి రాలేదు. సారు మమ్మల్ని ముందు బొమ్మ వేయనిచ్చేవాడు కాదు. స్తంభాన్ని ముట్టుకోమనేవాడు. నల్లరాయి, పొద్దున పూట చల్లగా, అద్దంలాగా నున్నగా. "ఏడ గుండ్రం, ఏడ పలక, చేత్తోని చూడు. అటెనుక గియ్యి."

గుడి ఎదురుగా కళ్యాణ మండపం. నాకు అందులో ఒక మూల ఇచ్చాడు. మూడు స్తంభాలు గీశాను, ఒకటి కుడి పక్కకు ఒరిగిపోయింది. ఇంట్లో అక్క ఆ కాగితం చూసి, తాగి గీసినవా అంది. నేను మళ్ళీ వెళ్ళి స్కేలు పెట్టి నిటారుగా గీసుకొచ్చాను. సారు రెండూ పక్కపక్కన పెట్టుకుని, స్కేలు పెట్టింది నాకు తిరిగిచ్చేసి, ఒరిగినదాన్ని ఉంచుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను అలిగాను.

ఆ మండపం నిజంగానే కుంగిపోయి ఉందని, పునాది కింద ఇసుక కదిలిందని పెద్దయ్యాక తెలిసింది. 2006లో రాళ్ళన్నీ విప్పారు. ఏళ్ళకేళ్ళు ఆ రాళ్ళు నంబర్లు వేసుకుని పడి ఉండేవి, చూస్తే కడుపులో దేవినట్టయ్యేది. తిరిగి కట్టి 2024లో తెరిచారు. అప్పటికి సారుకు నడక లేదు. కొడుకు చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాడట. ఒక స్తంభాన్ని చేత్తో తడిమి, "నున్నగనే ఉన్నది" అన్నాడట. ఇంకేం మాట్లాడలేదట.

నా ఒరిగిన స్తంభం ఆ పెట్టెలోనే ఉంది. ఆరో పుస్తకంలో, మధ్య పేజీల్లో.

ఖిలా వరంగల్ తోరణం సంగతి వేరుగా చెప్పాలా? అది గీయనివాళ్ళు మా బడిలో లేరు. అడ్డ దూలం చివర హంసలు ఎవరికీ కుదిరేవి కావు, బాతులయ్యేవి. 2014లో రాష్ట్రం వచ్చి ఏలె లక్ష్మణ్ గారు గీసిన రాజముద్రలో ఆ తోరణం కనపడ్డప్పుడు సారు ఫోన్ చేసి, "చూసినవా? మనది" అన్నాడు. ఆయన తనంత తానుగా నాకు ఫోన్ చేయడం అదొక్కసారే.

*

మా కంటే పెద్దవాళ్ళ బ్యాచ్ ఒకటుండేది. మేం పోయే వేళకు వాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళకు సారు అక్షరాలు నేర్పేవాడు, బోర్డులు రాసి బతకడానికి. దారాన్ని నీలిమందులో ముంచి, రెండు చివరలా లాగిపట్టి టప్పుమని కొడితే గోడ మీద సన్నటి నీలం గీత. ఆ చప్పుడు నాకెంత ఇష్టమో. రెండు గీతల మధ్య అక్షరాలు కూర్చోవాలి. తెలుగు అక్షరంతో తంటా ఏమిటంటే వత్తులు కిందికి పోతాయి, గుడులు పైకి పోతాయి, "స్త్రీ" రాయాలంటే చోటు సరిపోదు. బట్టల దుకాణాల బోర్డుల్లో "స్త్రీల" అనే మాట లేకుండా ఉంటే బాగుండునని అందరూ మొక్కుకునేవారు.

తాబేలు గుర్తు అన్న ఒకడు ఉండేవాడు. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల షట్టర్ల మీద సగం అక్షరాలు అతనివే. ఎన్నికలొస్తే రాత్రింబవళ్ళు గోడ రాతలు. ఒకే రాత్రి మూడు పార్టీలకు రాశానని, మూడింటికీ ఒకే ఎరుపు వాడానని చెప్పి నవ్వేవాడు. "ల" అక్షరం చివర అతను తిప్పే తోక చూసి ఇది ఫలానా అన్న రాత అని మేం గుర్తుపట్టేవాళ్ళం. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. రెండు మూడేళ్ళలో అంతా అయిపోయింది. ఒక బోర్డుకు రోజంతా పట్టే పని, గంటలో ప్రింటై వస్తుంటే ఎవరాగుతారు? అతను కొన్నాళ్ళు ఆటో నడిపాడు. దినాలకు వచ్చాడు. ఇప్పుడు ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటర్ ముందు కూర్చుంటాడట, సారు ఫొటోతో పెట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అతను చేసిందే. "అండ్ల ఉన్న ఫాంట్లకు ‘ల’ తోక సరిగ్గ లేదు చెల్లే, నేనే గీసి అంటించిన" అన్నాడు. బయటికి వెళ్ళి చూశాను. నిజమే.

*

ఆడపిల్లల్ని సారు ఇంకో దారి పట్టించేవాడు. సర్కారు పెట్టే టెక్నికల్ పరీక్షలు ఉంటాయి, డ్రాయింగ్, టైలరింగ్ ఎంబ్రాయిడరీ, చేనేత. లోయర్, హయ్యర్. మా అక్క టైలరింగ్ రాసింది, నేను డ్రాయింగ్. అవి పాసయ్యాక టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) అని 42 రోజుల సమ్మర్ కోర్సు చేస్తే డ్రాయింగ్ టీచర్ ఉద్యోగానికి అర్హత. సరిగ్గా మే, జూన్ ఎండల్లో పెడతారు. ఇప్పటికీ అంతే.

మా టీటీసీ బ్యాచ్‌లో ఇరవై ఏళ్ళ పిల్లల నుంచి నలభై ఏళ్ళ తండ్రుల దాకా ఉన్నారు. ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని ఉన్నవాళ్ళున్నారు. ఒకామె నెలల బిడ్డను తీసుకొచ్చేది. తలుపు దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, మోడల్ లెసన్ చెప్పేవాళ్ళు వంతులవారీగా దాన్ని ఊపేవాళ్ళు. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో బోర్డు మీద మామిడికాయ గీయడం నాకు అప్పుడు వచ్చింది. ఫ్యాను తిరిగేది కాదు, చార్టులు చెమటకు చేతులకు అంటుకునేవి. పొద్దున సారు బడిలో చిన్నపిల్లలకు నేను నేర్పి, అటు నుంచి అటే కోర్సుకు పోయేదాన్ని.

సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగం రాలేదు. నోటిఫికేషన్ వస్తుందట, వస్తుందట అని వయసు దాటేదాకా విన్నాను. ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు డ్రాయింగ్ చెప్పాను. డిసెంబరు వస్తే నా పీరియడ్లన్నీ లెక్కల సారుకు పోయేవి, నేను స్టాఫ్‌రూంలో హాల్ టికెట్లకు ఫొటోలు అంటించేదాన్ని. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

*

ఆ రోజు సాయంత్రం దాకా పుస్తకాలు తిరగేశాను. ఒక్కో దాంట్లో ఊరు సంగతులు కనపడుతున్నాయి. మొదటి పుస్తకాల్లో మిల్లు క్వార్టర్ల పిల్లలు చాలామంది, వాళ్ళ గుర్తులు కూడా పళ్ళ చక్రాలు, బాయిలర్ గొట్టాలు. మిల్లు మూతపడ్డాక ఆ గుర్తులు ఒకటొకటిగా ఆగిపోయాయి. తర్వాత సారు రిటైరై, బడి హన్మకొండలో ఆయన మేడ మీదికి మారింది. అక్కడి నుంచి క్రికెట్ బ్యాట్లు, హెలికాప్టర్లు, ఒకడు ఏకంగా సెల్‌ఫోన్. వేసవి కోచింగులు మొదలయ్యాక నలభై గడుల పేజీ ఇరవైకి, పదికి తగ్గింది. చివరి పుస్తకంలో నలుగురు. సారు కంటికి శుక్లాలు వచ్చాయి, గడుల గీతలు వంకర పోయాయి. అందులో ఇద్దరు ఆయన మనవలే.

ఒక విషయం మాత్రం అంతు పట్టలేదు. మూడో పుస్తకం నుంచి ఏడో పుస్తకం దాకా, ఐదు ఎండాకాలాలు, అన్ని పేర్ల కింద చివరి వరుసలో ఒక తేలు ఉంది. కొండి పైకెత్తిన నల్ల తేలు. రోజూ ఉంది, ఒక్క నాగా లేదు. మొదట్లో కాళ్ళు ఎన్నో లెక్క లేకుండా ఉంది. ఏడో పుస్తకానికి వచ్చేసరికి, నిజం చెప్తున్నా, ముట్టుకోవడానికి భయం వేసేలా ఉంది. కానీ ఎడమ పక్క పేరు రాసే చోట ఖాళీ. అన్ని తేళ్ళూ కొంచెం ఎడమకు వాలి ఉన్నాయి.

నేను ఉన్న ఏళ్ళే అవి. నాకు ఏ తేలూ గుర్తు లేదు.

కిందికి తీసుకెళ్ళి సారు భార్యకు చూపించాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీని దగ్గరికి తీసుకుని, "వాడా?" అంది. "లోపలికి రాకపోయేటోడు బిడ్డా. కిటికి అవతల నిలబడి చూసెటోడు. సారు రమ్మని పిలిస్తే ఉరికిపోవుడు, మళ్ళ తెల్లారి వచ్చుడు. ఆఖరికి సారే పుస్తకం ఊచల సందుల నించి బయటికిచ్చెటోడు. ఆ కిటికి గట్టు మీద పెట్టుకుని గీసి ఇచ్చి పోయెటోడు. పేరడిగితే చెప్పలే. సారు గూడ మళ్ళ అడగలే."

రబ్బరు వేలాడిన కిటికీ అదే అయి ఉండాలి. నేను ఎన్నిసార్లు అక్కడికి పోయి, గోడకు మొహం పెట్టి నా తప్పులు చెరుపుకుని వచ్చి ఉంటాను! ఊచల అవతల ఎవరున్నారో ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

పుస్తకాలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. మీలో ఎవరైనా ఆ ఐదు ఎండాకాలాలు ఆ యాపచెట్టు కింద నిలబడి తేలు గీసి ఉంటే, లేకపోతే అట్లా గీసేవాణ్ని ఎరిగి ఉంటే, నాకు చెప్పండి. పేరు చెప్పాలని లేకపోతే చెప్పొద్దు. ఒక తేలు గీసి పంపితే చాలు, నేను పోల్చుకుంటాను.